సముద్రపు దొంగ కథ: చరిత్ర నుంచి జానపదానికి

రఫాయెల్ సబాటినీ నవల (1922) ఆధారంగా మైకేల్ కర్టిజ్ రూపొందించిన 'కెప్టెన్ బ్లడ్' (1935) చిత్రానికి 1685 నాటి మన్మత్ తిరుగుబాటు నేపథ్యం. గాయపడిన తిరుగుబాటుదారుకు చికిత్స చేసినందుకు వైద్యుడైన కథానాయకుణ్ణి వెస్టిండీస్‌లో బానిసగా అమ్ముతారు. అతడు తప్పించుకొని సముద్రపు దొంగ అవుతాడు.

ఈ కథను బి.ఆర్. పంతులు 1965లో తమిళంలో 'ఆయిరత్తిల్ ఒరువన్'గా మలిచారు. వైద్యుడు, బానిసత్వం, ఓడ నిలిచాయి. ఇంగ్లండు రాజుల స్థానంలో కల్పిత రాజ్యం వచ్చింది. అదే మద్రాసు చిత్రసీమలో రూపొందిన విఠలాచార్య తెలుగు చిత్రం 'బందిపోటు' (1963)దీ ఊహారాజ్యమే.

ఈ మార్పువల్ల, క్షతగాత్రుడికి వైద్యం చేయడమే రాజద్రోహమా అన్న ప్రశ్న ఏ పాలకుడికైనా వర్తిస్తుంది. అయితే ఖైదీలను చెరకుతోటలకు అమ్మిన వలస వ్యాపారం మాత్రం కనుమరుగవుతుంది. అనుసరణ అధ్యయనం ఈ రెండింటినీ లెక్కించాలి.