సిరాకు కళ్లెం వేసిన కథ

సిరాను పాళీ దాకా తీసుకురావడం పెద్ద విద్యేమీ కాదు. గొట్టంలో పోసి కిందికి వంచితే అదే వస్తుంది. అక్షరానికి కావలసినంతే వచ్చి, చెయ్యి ఆగగానే తానూ ఆగేలా చూడడం దగ్గరే మనుషులు వందల ఏళ్లు తలలు పట్టుకున్నారు. ఫౌంటెన్ పెన్ను పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ తలనొప్పికి మందు వెతికిన కథే. ఈమధ్య కుర్రకారు మళ్లీ ఇంకు పెన్నుల మీద మనసు పడుతున్నారు. మొదటి పెన్ను కొనేముందు ఈ కథ తెలిస్తే అది ఎందుకు కారుతోందో, ఎందుకు రాయనని మొరాయిస్తోందో తమంతట తామే పోల్చుకోగలరు.

కోరిక చాలా పాతది. పదో శతాబ్దంలో ఈజిప్టును ఏలిన ఖలీఫా అల్ ముయిజ్, చేతికీ బట్టలకీ మరక అంటని కలం, తలకిందులు చేసినా కారని కలం కావాలని పనివాళ్లను అడిగాడు. చేసి ఇచ్చారని ఆ కాలపు రాతల్లో ఉంది. తర్వాత 1827లో, పారిస్‌లో చదువుకుంటున్న పెట్రాకే పొయెనారు అనే రుమేనియా విద్యార్థి, సిరాను తనలోనే దాచుకునే కలానికి ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. మాటిమాటికీ బుడ్డిలో ముంచే పని తప్పింది. కానీ సిరా ఇంకా మాట వినలేదు.

మూడు సరుకులు కుదిరాక గానీ పెన్ను నిలదొక్కుకోలేదు. మొదటిది ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా దట్టించి వేడి చేస్తే వచ్చే గట్టి నల్లటి పదార్థమిది. అప్పటి సిరాల్లో ఆమ్లం పాలు ఎక్కువ. లోహపు గొట్టాలను తినేసేది. ఎబొనైట్‌ను మాత్రం ఏమీ చేయలేకపోయింది. రెండోది పాళీ మొన. బంగారానికి తుప్పు భయం లేదు కానీ అది మెత్తన. కాగితం మీద నడిచి నడిచి అరిగిపోతుంది. అందుకని ఆ చివర ఇరిడియం జాతి గట్టి లోహాన్ని చిన్న చుక్కంత అతికించారు. మూడోది మడ్డి దిగని పల్చటి సిరా.

ఇక మిగిలింది అదుపు. నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెట్టి వంచి చూడండి. నూనె ఆగి ఆగి, గుడగుడమంటూ పడుతుంది. ఎదురుగా రెండో చిల్లు పెడితే గాలి లోపలికి పోయి ధార కడుతుంది. పెన్నులోనూ ఇదే తంతు. ఒక బొట్టు సిరా బయటికి వస్తే అంత చోటు గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెన్ను ఎండుతుంది, ఎక్కువ పోతే కారుతుంది. న్యూయార్కులో లూయీ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నది ఈ లెక్క తేల్చినందుకే. పాళీ కింద ఉండే నాలుకకు కాలువ తవ్వి, దాని అడుగున సన్నటి చీలికలు పెట్టాడు. చీలికలు సిరాను పీల్చి కొద్దికొద్దిగా కిందికి దింపుతాయి, ఆ పక్కనుంచే గాలి పైకి పోతుంది. బీమా పత్రం మీద సిరా ఒలికి బేరం చెడిపోయిందన్న కోపంతో ఆయన ఈ పెన్ను కనిపెట్టాడని ఒక కథ ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ చరిత్రకారులు దాన్ని నమ్మరు.

ఆ తర్వాత వచ్చినవన్నీ సుఖాలు. విస్కాన్సిన్ రాష్ట్రంలో బడిపంతులుగా ఉంటూ పిల్లలకు పెన్నులు అమ్మిన జార్జ్ పార్కర్, అవి పాడైనప్పుడల్లా బాగు చేసీ చేసీ విసిగి 1888లో సొంత కంపెనీ పెట్టాడు. 1894లో ఆయన నాలుక తోకను వంచి గొట్టం గోడకు ఆనించాడు. పెన్ను జేబులో నిలబడి ఉన్నప్పుడు నాలుకలో మిగిలిన సిరా వెనక్కి జారిపోతుంది కనుక, మూత తీసినప్పుడు వేళ్లకు అంటదు. అయోవాలో నగల వ్యాపారి వాల్టర్ షేఫర్ పక్కనున్న మీట ఎత్తితే రబ్బరు తిత్తి సిరా పీల్చుకునే పద్ధతికి 1908లో పేటెంటు పొందాడు. వెనక పిడి తిప్పితే నిండే పెన్నును 1929లో జర్మనీ పెలికాన్ కంపెనీ తెచ్చింది.

మన దగ్గర కథకు ఇంకో మలుపు ఉంది. స్వదేశీ ఉద్యమం బట్టతో ఆగలేదు, జేబులో పెన్ను దాకా వచ్చింది. రాజమండ్రిలో కె.వి.రత్నం స్వర్ణకారుడు. గాంధీజీని కలిసినప్పుడు, సామాన్యుడికి పనికొచ్చే వస్తువేదైనా చేయమని ఆయన అన్నారని ఆ ఇంటివారు చెబుతారు. 1932లో రత్నం పెన్నుల పని మొదలుపెట్టారు. గొట్టం, మూత లేతు మిషను మీద తీయడం ఒక ఎత్తు, పాళీ ఒక్కటీ ఒక ఎత్తు. చాలామంది పాళీ కోసం విదేశం వైపే చూసేవారు. రోజూ బంగారం సాగగొట్టే చేతికి ఆ బెదురు లేదు. తన అనుచరుడు జె.సి.కుమారప్ప ద్వారా అందిన రత్నం పెన్నుతో రాసి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది బాగానే ఉందని వార్ధా నుంచి 1935 జులైలో ఉత్తరం రాశారు. ఇప్పటికీ రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఆ పేరుతో పెన్నులు చేసి అమ్ముతున్నారు. అదే ఊళ్లో 1946లో గైడర్ పెన్నుల పని మొదలైంది. హైదరాబాదులో అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌కు తరాల నుంచి వస్తున్న ఖాతాదారులున్నారు.

రాజమండ్రి పెన్ను తయారవుతుంటే చూడడం ఒక పాఠం. ఎబొనైట్ కడ్డీని కోసి లేతుకు బిగిస్తారు. ఉలి తగలగానే పొట్టు ఉంగరాలు తిరుగుతూ రాలుతుంది, గదిలో గంధకం వాసన కమ్ముతుంది. లోపల రంధ్రం తొలిచి, మూతకూ గొట్టానికీ మరలు తీసి, నున్నగా మెరుగు పెడతారు. చివర్లో పాళీ, నాలుక కలిపి మెడలోకి నొక్కుతారు. రెంటి మధ్య సందు మిగిలితే సిరా అందదు. అందుకని నాలుకను వేడి నీళ్లలో ముంచి, మెత్తబడగానే బొటనవేలితో పాళీకి ఒత్తి ఆనిస్తారు. వాటర్‌మన్ పేటెంటు సారమంతా ఆ ఒత్తుడులోనే ఉంది.

ఇంతలో హంగేరీవాసి లాస్లో బిరో బాల్‌పెన్ను తెచ్చాడు. 1945 అక్టోబరులో న్యూయార్కులో ఒక దుకాణం బాల్‌పెన్నులు అమ్మకానికి పెట్టిన రోజు జనం ఎగబడ్డారు. దాని సిరా జిగురుగా ఉంటుంది, గాలి లెక్కతో పనే లేదు. మన బళ్లలో చేతిరాత పాడవుతుందని పంతుళ్లు చాలాకాలం దాన్ని రానివ్వలేదు. 1980ల తర్వాత ఆ కట్టు తెగింది. ఇంకు ఫిల్లర్లూ, నీలం మరకల జేబులూ మెల్లగా వెనక్కి తగ్గాయి.

కొత్తగా సరదా పడేవారికి నా సలహా ఒక్కటే. మొదట ఫిల్లరుతో నింపే సాదా ఎబొనైట్ పెన్ను కొనండి. తిత్తి, మీట, పిడి ఏవీ ఉండవు కనుక లోపల ఏం జరుగుతోందో కళ్లకు కడుతుంది. దాని గుణం ఒకటి ముందే తెలుసుకోవాలి. సిరా మూడో వంతుకు దిగాక గొట్టంలో గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి, మిగిలిన సిరాను ఒక్కసారిగా నెట్టి కాగితం మీద బొట్టు పడేస్తుంది. పెన్ను చెడిపోయిందనుకుని తిరిగి ఇచ్చేసేది చాలామంది ఇక్కడే. అంత దాకా రానీయకుండా మళ్లీ నింపుకుంటే చాలు.

పాళీ సన్నటిది తీసుకోండి. లావు పాళీతో ఇంగ్లీషు సంతకం దర్జాగా వస్తుంది గానీ మన ఒత్తులూ, గుడి దీర్ఘాలూ ముద్దయిపోతాయి. బాల్‌పెన్ను అలవాటున నొక్కకండి. పెన్నును ఏటవాలుగా పట్టుకుని దాని బరువుకే వదిలేస్తే అదే నడుస్తుంది. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు ఎన్నడూ పోయకండి, లక్క ఉన్న ఆ సిరా నాలుక చీలికల్లో గడ్డకడుతుంది. రంగు మార్చినప్పుడల్లా చల్లటి నీళ్లతో తేటగా వచ్చేదాకా కడగండి. వేడి నీళ్లకూ ఎండకూ ఎబొనైట్ నలుపు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది.

కొత్త పెన్ను రాయకపోతే ముందు పాళీని నిందించకండి. లేతు నూనె జిడ్డు నాలుకకు అంటి ఉండవచ్చు, నీళ్లలో చుక్క సబ్బు వేసి కడిగితే పోతుంది. అప్పటికీ రాయకపోతే పాళీ చీలిక మధ్యలో దుమ్ము, కాగితపు పీచు ఏదైనా ఇరుక్కుందేమో భూతద్దంతో చూడండి. ఆ తర్వాతే పాళీకీ నాలుకకూ మధ్య సందు సంగతి. ఈ మూడు దాటి దుకాణానికి తీసుకెళ్లాల్సిన పెన్నులు తక్కువే. ఎక్కడ సిరా దారి మూసుకుపోయిందో, ఎక్కడ గాలి దారి తప్పిందో చెప్పగలిగిన నాడు మీకు పెన్ను పట్టుబడినట్టే. ఖరీదైన పెన్ను గురించి ఆలోచించడానికి అదే సరైన అదను.