రాకెట్ గ్లైడర్‌కు రంగు వేయడం ఎలా?

మామూలు మోడల్ రాకెట్ పైకెళ్లి పారాచూట్‌తో దిగుతుంది. గ్లైడర్ అలా కాదు. ఇంజన్ ఆగాక రెక్కల మీదే తేలుతూ దిగాలి. కాబట్టి రాకెట్‌కు వేసినట్టు దీనికి పూత మీద పూత వేయకూడదు. రంగు కూడా బరువే!

ఒక చిన్న లెక్క చూడండి. గ్లైడర్ బరువు 30 గ్రాములు అనుకుందాం. గరిమనాభికి 20 సెం.మీ. వెనక, తోక మీద 1 గ్రాము రంగు చేరింది. సమతూకం కోసం 10 సెం.మీ. ముందు, ముక్కులో 2 గ్రాముల క్లే పెట్టాలి. మొత్తం 3 గ్రాములు, అంటే పదో వంతు బరువు పెరిగినట్టే. బరువు పెరిగితే గ్లైడర్ తొందరగా దిగిపోతుంది.

నునుపు చేయడం: రెక్కలు ఎక్కువగా బాల్సా చెక్కతో చేస్తారు. ముందు 220 నంబరు, తర్వాత 400 నంబరు ఉప్పు కాగితంతో చెక్క చార వెంబడే రుద్దండి. రెక్క ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పల్చగా రావాలి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి. జిగురు పెట్టాల్సిన అతుకులన్నీ రంగుకు ముందే అతికించేయాలి. రంగు మీద జిగురు సరిగా పట్టదు.

సీలర్: రెక్కకు రెండు వైపులా ఒకే రోజు, ఒకే పల్చటి పూత వేయాలి. ఒక్క వైపే వేస్తే ఆరేటప్పుడు చెక్క వంగుతుంది. వంగిన రెక్కతో గ్లైడర్ ఒక పక్కకే తిరుగుతూ కింద పడుతుంది. ఆరాక మళ్లీ 400 నంబరుతో తేలిగ్గా రుద్దండి.

రంగు: మార్కర్ పెన్ను చాలు. స్ప్రే అయితే ఒక్క పల్చటి పూత, అదీ ఆరుబయట, నిప్పుకు దూరంగా, టీచర్ పక్కన ఉన్నప్పుడే. రెక్క అడుగున నలుపు వేస్తే వెలుతురు ఆకాశంలో బాగా కనిపిస్తుంది. పైన ముదురు నారింజ వేస్తే గడ్డిలో వెతకడం సులువు. తోకకు వీలైనంత తక్కువ వేయండి.

రంగు వేయకూడని చోట్లు: ఇంజన్ గొట్టం విడిపోయే కొక్కెం, కదిలే కీళ్లు. అక్కడ రంగు పేరుకుంటే భాగాలు పట్టేస్తాయి. గొట్టం విడిపోకపోతే గ్లైడర్ తేలదు, నేరుగా పడిపోతుంది.

రంగుకు ముందూ తర్వాతా తూకం వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. పూర్తిగా ఆరాక గరిమనాభి మళ్లీ సరిచూసి, చేత్తో మెల్లగా విసిరి చూడండి. తిన్నగా తేలితేనే ఇంజన్ పెట్టాలి.