యముడు ఓడిపోయిన పటం

చనిపోయాక ఏమవుతుందన్న ప్రశ్న మీద ఇటలీ కవి డాంటే ఒక మహాకావ్యమే రాశాడు. పేరు ‘డివైన్ కామెడీ’. ఆయన 1321లో కన్నుమూశాడు. ఆయన చూపిన నరకానికి బొమ్మలు గీసేవాళ్లు మాత్రం పుడుతూనే వచ్చారు. విలియం బ్లేక్ 102 బొమ్మలు మొదలుపెట్టి, పూర్తిచేయకుండానే 1827లో పోయాడు. 1861లో గుస్తావ్ డోరే వేసిన బొమ్మలను ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజుల్లో చూశాను. ఆ చీకటి, ఆ కొండచరియలు తార్నాకలో గదికి చేరాక కూడా కళ్లముందు ఆడేవి. మరి మనవాళ్లు యమలోకాన్ని ఎలా గీశారు?

జవాబు చేర్యాలలో దొరికింది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరసగా గీస్తారు. పటం 40 అడుగులు దాటినా ఆశ్చర్యం లేదు. డోరే బొమ్మ ఒంటరిగా పుస్తకం చదువుకునేవాడి కోసం. ఈ పటం ఊరంతా కూర్చుని చూసేది. కూనపులివారు ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం పాడతారు.

డాంటే నరకంలో పడ్డవాడికి విడుదల లేదు. మన పటంలో ఓడేది యముడే. పదహారేళ్ల మార్కండేయుడు లింగాన్ని కౌగిలించుకుంటాడు, పాశం పడుతుంది, శివుడు వచ్చి యముణ్ణి అణుస్తాడు. ఇది భక్తి కథే, కాదనను. కానీ పద్మశాలీలకు అంతకన్నా దగ్గరి సంగతి ఇంకొకటుంది. మార్కండేయుడు అప్పుడే పోతే ఆయన కొడుకు భావనారుషి లేడు. భావనారుషి లేకపోతే వాళ్ల కులమూ లేదు, మగ్గమూ లేదు. నరకం ఎలా ఉంటుందన్నది ఆ చిత్రకారుడికి పెద్ద విషయం కాదు, వంశం నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం.

విచిత్రమేమంటే, చావును గెలిచిన ఈ కథను మోసిన పటాలకే అంత్యక్రియలు జరిగేవి. చిరిగి, పాతబడ్డ పటాన్ని పూజచేసి నదిలో వదిలేవారు. అందుకే పాతవి బహు తక్కువ. మిగిలినవాటిలో భావనారుషి మాహాత్మ్యం పటం ఒకటి 1625 నాటిది. అది జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో, అంటే మన కాచిగూడకు కూతవేటు దూరంలోని దోమలగూడలో ఉంది.

మన బ్యాచ్‌లలో నేత కుటుంబాల మిత్రులు చాలామందే ఉన్నారు. మీ ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా అటువంటి పటం ఉంటే, నీళ్లలో వదిలేముందు చివరిదాకా విప్పి ఫోటోలు తీయించండి. పాడేవాళ్లు దొరికితే పాట కూడా రికార్డు చేయండి.