ఒక ఒడంబడిక – రెండు ప్రతులు: సూలూ ముస్లిములు, అమెరికా సామ్రాజ్యం

పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా విస్తరణ చరిత్రకు 1898 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది మే 1న కమొడోర్ డ్యూయీ నౌకాదళం మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకలను ధ్వంసం చేసింది. జూలైలో హవాయి దీవులను అమెరికా తనలో కలుపుకొన్నది. డిసెంబరు 10న పారిస్‌లో కుదిరిన సంధి ప్రకారం స్పెయిన్ గ్వామ్ దీవిని వదులుకొని, 2 కోట్ల డాలర్లు పుచ్చుకొని ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు అప్పగించింది. జూన్ 12ననే స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న ఫిలిప్పినోల మాట ఆ సంధిలో ఎవరూ వినలేదు. దక్షిణ దీవులలోని ముస్లిములను అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ ముస్లిములతో అమెరికా చేసుకొన్న ఒక ఒడంబడికను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

బోర్నియో, మిందనావో దీవుల మధ్య సూలూ ద్వీపసముదాయం ఉన్నది. దాని కేంద్రం జోలో దీవి. ఆ దీవిలోని బుద్ దాతు కొండపై హిజ్రీ 710 (క్రీ.శ. 1310) నాటి ముస్లిం సమాధి ఒకటి ఉన్నది. 15వ శతాబ్దంలో అక్కడ సుల్తానుల రాజ్యం ఏర్పడింది. స్పెయిన్ మూడు శతాబ్దాలు పోరాడినా ఆ రాజ్యాన్ని పూర్తిగా లోబరచుకోలేకపోయింది. తమ దేశాన్ని ఒకప్పుడు ఏలిన మూర్ ముస్లిముల పేరుతోనే స్పెయిన్ వారు ఇక్కడి ముస్లిములను 'మోరోలు' అన్నారు. 1876లో జోలో పట్టణాన్ని ఆక్రమించి, 1878లో సుల్తానుతో సంధి చేసుకొన్నారు. తరువాత పారిస్‌లో అమెరికాకు అమ్మినది ఈ అసంపూర్ణమైన అధికారాన్నే.

1899 ఫిబ్రవరి 4న ఉత్తరాన లూజాన్ దీవిలో ఫిలిప్పినోలకు, అమెరికా సైన్యానికి యుద్ధం మొదలైంది. దక్షిణాన మరొక యుద్ధం సాగించే బలం ఆ సైన్యానికి అప్పుడు లేదు. అందుచేత ముస్లిములను తటస్థంగా ఉంచడం దానికి అవసరమైంది. ఇస్తాంబుల్‌లోని అమెరికా రాయబారి ఆస్కార్ స్ట్రాస్ ఈ పని మీద ఉస్మానియా సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్‌ను కలుసుకొన్నాడు. అమెరికా మీ మతాచారాలలో జోక్యం చేసుకోదు, దానితో పోరాడవద్దు అన్న సందేశం హజ్‌కు వచ్చిన సూలూ పెద్దలకు మక్కాలో అందించబడిందని అతడు తన స్మృతులలో వ్రాసుకొన్నాడు.

1899 ఆగస్టు 20న బ్రిగేడియర్ జనరల్ జాన్ బేట్స్, సుల్తాన్ రెండవ జమాలుల్ కిరామ్ ఒడంబడికపై సంతకాలు చేశారు. సుల్తాను, దాతూల (స్థానిక నాయకుల) గౌరవ హక్కులకు భంగం కలగదని, మతం కారణంగా ఎవరినీ వేధించరాదని అందులో ఉన్నది. సుల్తానుకు నెలకు 250 మెక్సికన్ డాలర్ల భరణం నిర్ణయించారు. అన్నిటికన్నా విచిత్రమైన షరతు మరొకటి ఉన్నది. సుల్తాను సమ్మతి లేకుండా సూలూ దీవులను అమెరికా ఏ పరదేశానికీ అమ్మదట! ఆ సమ్మతి లేకుండానే అవే దీవులను స్పెయిన్ నుండి తాను కొన్న సంగతి వ్రాసినవారికి గుర్తు రాలేదు కాబోలు.

అసలు చిక్కు భాషలో ఉన్నది. ఇంగ్లీషు ప్రతి మొదటి షరతు సూలూ దీవులపై అమెరికా సార్వభౌమాధికారాన్ని అంగీకరిస్తున్నట్లు ప్రకటిస్తుంది. అరబీ లిపిలో వ్రాసిన తౌసుగ్ భాషా ప్రతిలో ఆ మాట లేదు. అందులో కనిపించేది అమెరికా సహాయం, రక్షణ మాత్రమే. సుల్తాను తనకొక బలమైన మిత్రుడు దొరికాడనుకొన్నాడు. వాషింగ్టన్ తనకొక కొత్త ప్రజ లభించిందనుకొన్నది. దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా అప్పు పత్రాన్ని సైతం లేఖకుడు న్యాయంగా వ్రాయాలని ఆదేశిస్తున్నది. ఇక్కడ ఒక జాతి భవిష్యత్తునే రెండు విధాలుగా వ్రాశారు.

1902 జూలైలో ఉత్తరాది యుద్ధం ముగిసిందని అమెరికా ప్రకటించింది. దానితో ఒడంబడిక అవసరమూ తీరిపోయింది. 1903లో మోరో ప్రావిన్సు ఏర్పడి, జనరల్ లియోనార్డ్ వుడ్ దాని గవర్నరుగా వచ్చాడు. తలపన్ను విధించారు. 1904 మార్చి 2న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఒడంబడికను ఏకపక్షంగా రద్దు చేశాడు. మోరోలు తమ బాధ్యతలు నెరవేర్చలేదని, బానిసత్వాన్ని సహించలేమని కారణాలు చెప్పారు.

ఈ రెండవ కారణాన్ని మనం దాటవేయరాదు. బానిసలకు విముక్తి కలిగించడం మహా పుణ్యమని బోధించే ధర్మాన్ని అవలంబిస్తూ కూడా ఆ దాతూలు బానిసలను ఉంచుకొన్న మాట నిజం. అది వారి తప్పు. అయితే ఒడంబడికలో సంతకం చేసిన రోజున ఈ సంగతి అమెరికా ఎరుగనిది కాదు. బానిస వెల చెల్లించి విముక్తి పొందవచ్చునన్న షరతు అందులోనే ఉన్నది.

తలపన్నును, కొత్త పాలనను ఒప్పుకోని అనేక కుటుంబాలు జోలోలోని బుద్ దాజో అనే చల్లారిన అగ్నిపర్వతం పైకి వెళ్ళి నివాసం ఏర్పరచుకొన్నాయి. ప్రముఖ దాతూలు వారిని దిగి రమ్మని నచ్చజెప్పబోయారు. సుల్తాను వారి పక్షం వహించలేదు. 1906 మార్చి మొదటి వారంలో అమెరికా సైన్యం ఫిరంగులతో కొండను ముట్టడించింది. స్త్రీలు, పిల్లలతో సహా దాదాపు 800 నుండి 1000 మంది హతులయ్యారు. దాడి చేసిన పక్షాన చనిపోయినది సుమారు 20 మంది. రూజ్‌వెల్ట్ వుడ్‌కు అభినందన తంతి పంపాడు. రచయిత మార్క్ ట్వేన్ ఈ హత్యాకాండను తీవ్రంగా నిరసిస్తూ వ్రాశాడు కాని, అది అతని జీవితకాలంలో అచ్చు కాలేదు. 1913 జూన్‌లో బుద్ బగ్సాక్ కొండపై జనరల్ పెర్షింగ్ సేనల చేతిలో మరి కొన్ని వందల మంది నేలకొరిగారు. 1915 మార్చి 22న సుల్తాను తన లౌకికాధికారాన్ని వదులుకొన్నాడు. మతాధిపత్యం మాత్రమే ఆయనకు మిగిలింది.

1946లో అమెరికా వెళ్ళిపోతూ సూలూను స్వతంత్ర ఫిలిప్పీన్స్‌లో భాగంగా విడిచిపెట్టింది. 1970లలో అక్కడ సాయుధ పోరాటం చెలరేగింది. 1974లో జోలో పట్టణం తగలబడింది. 1976లో ట్రిపోలీ ఒప్పందం కుదిరింది. 2019లో బంగ్సామోరో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. ప్రజాభిప్రాయ సేకరణలో సూలూ దానికి అనుకూలంగా ఓటు వేయలేదన్న కారణంతో 2024లో అక్కడి సుప్రీం కోర్టు సూలూను ఆ ప్రాంతం నుండి మినహాయించింది. తామెవరి ఏలుబడిలో ఉండాలన్న ప్రశ్నకు సూలూ ప్రజల జవాబును 1898లో ఎవరూ అడగలేదు. 

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినది ఒకటున్నది. బలవంతుడు ఒడంబడికకు వచ్చినప్పుడు, అతనికి ఆ పూట ఉన్న అవసరమేమిటో ముందుగా తెలుసుకోవాలి. అతని భాషలో ఏమి వ్రాశాడో చదవగలిగినవాడు మన పక్షాన ఒక్కడైనా ఉండాలి. విద్య లేని శౌర్యం బుద్ దాజో కొండపై తన ప్రజలను కాపాడలేకపోయింది. భరణానికి అలవాటుపడిన నాయకత్వమూ వారిని కాపాడలేకపోయింది.