క్లిక్ ఒప్పందం

అంతర్జాలంలో సేవనో, సరుకునో పొందే ముందు తెరపై చూపే నిబంధనలకు "అంగీకరిస్తున్నాను" అన్న మీట నొక్కి సమ్మతి తెలుపుటను క్లిక్ ఒప్పందం లేదా క్లిక్‌రాప్ ఒప్పందం అంటారు. సాఫ్ట్‌వేరు పెట్టెకు చుట్టిన ప్లాస్టిక్ పొరను చించితే లోపలి షరతులు ఒప్పుకున్నట్లేనని పూర్వం కంపెనీలు రాసేవి. దానిని ష్రింక్‌రాప్ అనేవారు. ప్రస్తుత పేరు దాని నుండి వచ్చినదే.

చట్టంలో స్థానం

భారతదేశంలో వీటికి ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే ఆధారం. దాని 10వ సెక్షన్ ప్రకారం అర్హులైన వ్యక్తులు స్వేచ్ఛగా సమ్మతించి, న్యాయసమ్మతమైన ప్రతిఫలానికి, ఉద్దేశానికి చేసుకున్న ఒడంబడిక కాంట్రాక్టు అవుతుంది. కాగితం, సంతకం సాధారణంగా తప్పనిసరి కావు. సమాచార సాంకేతిక చట్టం, 2000కు 2008 సవరణతో చేరిన 10ఏ సెక్షన్, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని చెబుతుంది. ఇందులో "ఒక్క కారణంతో" అన్న మాట ముఖ్యం. వేరే లోపముంటే ఈ సెక్షన్ ఆదుకోదు.

చదవకుండా నొక్కానన్న వాదన సాధారణంగా నిలవదు. అయితే నిబంధనలు కంటికి కనబడేలా ఉండాలి. నెట్‌స్కేప్ సంస్థపై 2002లో తీర్పు చెప్పిన అమెరికా అప్పీలు కోర్టు, డౌన్‌లోడ్ మీట కంటె దిగువన, తెరను జరిపితే తప్ప కనబడని షరతులు వినియోగదారులను బంధించవన్నది.

అమీర్‌పేట ఉదాహరణ

హైదరాబాదులోని అమీర్‌పేట సాఫ్ట్‌వేరు శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి. పంజాగుట్ట హాస్టలులో ఉంటున్న విద్యార్థి ఒకడు ఫోనులోనే అక్కడి కోర్సుకు రుసుము కట్టి, "రుసుము ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు, వివాదాలు బెంగుళూరు కోర్టులలోనే" అన్న షరతులకు మీట నొక్కాడనుకుందాం. కోర్సు మధ్యలో ఆగిపోయింది.

అతనికి 18 ఏళ్ళు నిండకపోతే ఒప్పందాన్ని అతనిపై అమలు చేయించలేరు. మైనరు చేసిన కాంట్రాక్టు చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. మేజరైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అక్కరకు వస్తుంది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చునని 34వ సెక్షన్ అంటుంది కనుక అతడు బెంగుళూరు వెళ్ళనక్కరలేదు. శిక్షణ కేంద్రాల సేవాలోపాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి వస్తాయని జాతీయ కమిషన్ 2020లో పేర్కొన్నది.

చాలామంది పొరబడేది ఒకచోట. సేవాలోపానికి జిల్లా కమిషన్ చాలు. కాని వినియోగదారు హక్కులను గణనీయంగా మార్చే షరతులున్న "అన్యాయమైన కాంట్రాక్టు"పై ఫిర్యాదు మాత్రం, మొత్తాన్ని బట్టి, రాష్ట్ర కమిషన్ లేదా జాతీయ కమిషన్ వినవలసినది.