సయాం రైలు రోజులలో మన తోట స్త్రీలు

మన తెలుగువారు మలయా దేశానికి వచ్చిన కథ చెప్పమంటే మనం ఓడతో మొదలుపెడతాం. తరువాత కంగాణీ, దొర, కొబ్బరితోట, చివరకు సంఘం. ఆ కథలో ముందు నిలబడేవారంతా మగవారే. నేనూ అలాగే రాశాను. కొన్నేళ్ళ క్రితం మా కుటుంబ చరిత్రను సంఘం సంచిక కోసం రాసి, అచ్చుకు పంపిన తరువాత మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "మరి నేస్తం ఏదే?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం. నేను తెలుగు నేర్చుకున్నది సంఘంవారి సాయంకాలపు తరగతులలో. భాషలో దోషాలుంటే పెద్దలు మన్నించాలి.

విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి వచ్చిన మన పూర్వులలో చాలామంది దిగువ పేరాలోని బాగాన్ దతో ప్రాంతపు కొబ్బరితోటలలో స్థిరపడ్డారు. ఒప్పందకూలీ పద్ధతి 1910లో రద్దయింది. కంగాణీల ద్వారాను, సొంతంగాను రావడం 1938 వరకు సాగింది. 1931 జనాభా లెక్కలనాటికి మలయాలోని భారతీయులలో వెయ్యిమంది మగవారికి ఐదువందలమంది ఆడవారైనా లేరు. వారు కూడా కూలిపనికి వచ్చినవారే. కాయలు ఏరడం, కొప్రా ఎండబెట్టడం, కలుపు తీయడం వారి పనులు. మగవారికి రోజుకు 50 సెంట్లు ఇచ్చేచోట వారికి 40 సెంట్లు. పని ముగించి ఇంటికి వస్తే వంట, పిల్లలు. కల్లు దుకాణం నుండి వచ్చే భర్త కోపం కూడా చాలామందికి తప్పేది కాదు. పుట్టింటికి పోదామంటే నడుమ సముద్రం ఉంది.

అందుకే మన స్త్రీలు ఉత్తరాంధ్ర పల్లెల నుండి తెచ్చుకున్న ఒక ఆచారాన్ని ఇక్కడ గట్టిగా పట్టుకున్నారు. అది నేస్తం కట్టడం. ఇద్దరు స్త్రీలు పసుపుకుంకుమలు, గాజులు ఇచ్చిపుచ్చుకొని నేస్తం కడితే, ఆనాటి నుండి వారు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. "నేస్తం" అనే పిలుస్తారు. రెండు ఇళ్ళవారూ బంధువులైనట్టే. మా అమ్మమ్మ లైను ఇళ్ళలో పక్కగదిలో ఉన్న ఆమెతో ఒక సంక్రాంతినాడు నేస్తం కట్టింది. ఇద్దరి ఊళ్ళు వేరు, కులాలు వేరు.

1941 డిసెంబరు 8న జపాను సేనలు కోత బారులో దిగాయి. 1942 జనవరి తొలిరోజులలోనే పడవల మీద మన హుతాన్ మెలింతాంగ్, తెలుక్ ఆన్సన్ ప్రాంతాలకు వచ్చాయి. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. దొరలు వెళ్ళిపోయారు, కూలి నిలిచిపోయింది. మలయాలో తినే బియ్యంలో చాలాభాగం బర్మా, సయాం దేశాల నుండి వచ్చేది. ఆ రాక తగ్గేసరికి కర్రపెండలమే అన్నమయింది. జపానువారు అచ్చువేసిన అరటిచెట్టు నోట్లకు విలువ రోజురోజుకూ పడిపోయింది. గుడ్డ దొరక్క గోనెసంచులు కట్టుకున్నవారున్నారు.

ఇంతలో సయాం-బర్మా రైలుమార్గం వచ్చిపడింది. 415 కిలోమీటర్ల ఆ దారి వేయడానికి 1943లో తోటల నుండి కూలీలను తరలించారు. మూడు నెలల పని, మంచి కూలి, బియ్యం అన్నారు. ఆ మాట నమ్మి వెళ్ళినవారు కొందరు, బలవంతాన లారీ ఎక్కించబడినవారు కొందరు. మలయా నుండి వెళ్ళినవారు 70 వేలకు పైమాటే. వారిలో ఎక్కువమంది తమిళులు, తెలుగువారు కూడా ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు వేలాదిమందిని అక్కడే పొట్టనబెట్టుకున్నాయి. మా తాతయ్య, నేస్తం భర్త ఒకే లారీలో వెళ్ళారు.

తోటలో మిగిలినవారు ఆడవారు, పిల్లలు, ముసలివారు. అప్పుడు ఆ ఇద్దరూ రెండు పొయ్యిలను ఒకటి చేశారు. ఒకరు పనికి పోతే మరొకరు పిల్లలను చూసేవారు. ఒకరు దుంపలు తవ్వితే మరొకరు సముద్రపునీరు కాచి ఉప్పు తీసేవారు. చేతికి వచ్చిన బియ్యం ముందు పిల్లలకు గంజి అయ్యేది, మిగిలితే పెద్దలకు. మా అమ్మ అప్పుడు పాలు తాగే పిల్ల. మా అమ్మమ్మకు మలేరియా వచ్చి పాలు ఎండిపోయాయి. క్వినైను దొరకలేదు. నేస్తానికి కూడా అదే ఈడు కొడుకున్నాడు. ఆమె ఒక పక్క కొడుకును, మరో పక్క మా అమ్మను పెట్టుకొని పాలిచ్చింది. తాను తిన్నది ఉడికిన దుంప మాత్రమే. ఈరోజు మా అమ్మ ఉన్నదన్నా, నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నానన్నా ఆ పాల చలవే.

1945లో యుద్ధం ముగిసింది. తిరిగివచ్చిన బ్రిటిషువారు అరటిచెట్టు నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నదంతా చిత్తుకాగితమయింది. మా తాతయ్య ఆ సంవత్సరం చివర కాలిమీద మానని పుండుతో ఇల్లు చేరాడు. నేస్తం భర్త రాలేదు. ఎక్కడ పోయాడో, ఏనాడు పోయాడో చెప్పే కాగితం ఒక్కటీ రాలేదు. ఆమె బొట్టు తీయలేదు, మట్టెలు తీయలేదు. పేరంటాలలో ఆమెకు పసుపుకుంకుమలు ఇవ్వాలా వద్దా అని కొందరు సందేహించేవారు. మా అమ్మమ్మ తన ఇంట ఏ శుభకార్యం జరిగినా మొదటి బొట్టు నేస్తానికే పెట్టేది. "చచ్చాడని ఎవలు సెప్పారు?" అని అడిగేదట. ఆ మాటకు ఎదురు చెప్పినవారు లేరు.

తాతయ్య మనిషి వచ్చాడు గాని, మనసు సయాంలోనే ఉండిపోయింది. రాత్రులు కేకలు వేసేవాడు. తాగడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి ఎత్తిన రోజున పిల్లలంతా పక్కగదిలోకి పరుగెత్తేవారు. నేస్తం గుమ్మంలో నిలబడేది. "అన్నా, నీతో వెళ్ళినోడు నాకు రాలేదు. వచ్చినోడివి నువ్విలాగ సేస్తావా?" అనేది. ఆయన తల వంచుకొని కూర్చునేవాడని మా అమ్మ చెబుతుంది. యుద్ధం ముగిసింది అని పుస్తకాలలో ఒక తేదీ ఉంటుంది. తోట ఇళ్ళలో అది ఆ తేదీన ముగియలేదు.

కాంచనబురిలోని సైనిక శ్మశానంలో దాదాపు 7 వేలమంది యుద్ధఖైదీల సమాధులు వరుసగా ఉన్నాయి. చాలావాటి మీద పేర్లున్నాయి. మన కూలీలలో అత్యధికులకు అలాంటి రాయి లేదు. 1943లో సింగపూరులో కెప్టెన్ లక్ష్మి నాయకత్వాన ఏర్పడిన ఝాన్సీ రాణి దళంలో తోటల ఆడపిల్లలు చేరారు. వారి ధైర్యం చరిత్రకెక్కింది, అది న్యాయమే. అయితే తుపాకీ పట్టకుండా, రెండిళ్ళ పిల్లలను ఒకే కుండతో బతికించినవారిది కూడా ధైర్యమే.

నేస్తం కన్నుమూసినప్పుడు మా అమ్మమ్మ పది రోజులు మైల పట్టింది. రక్తసంబంధం లేదు కదా అన్నవారికి, "పాలసంబంధం ఉంది" అని చెప్పిందట. తోట చిట్టాలో నేస్తానికి ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఆ పేరు ఎరిగినవారు లేరు. అమ్మమ్మకు ఆమె నేస్తం, మా అమ్మకు పెద్దమ్మ.

బడిలో నేను పిల్లలచేత వంశవృక్షం గీయిస్తుంటాను. తండ్రి, తాత, ముత్తాత అని గీతలు గీస్తారు. ఇప్పుడు వారిని మరొక ప్రశ్న కూడా అడుగుతున్నాను: "కష్టకాలంలో మీ ఇంటిని నిలబెట్టిన పరాయి ఆడమనిషి ఎవరు?" పిల్లలు ఇంటికి పోయి అడిగివస్తారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉన్నారు. ఆ రోజులు ఎరిగిన పెద్దలు మనలో కొద్దిమందే మిగిలారు. పాఠకులు కూడా తమ ఇళ్ళలో ఈ ప్రశ్న అడిగి, ఆ పేర్లు రాసి ఉంచాలని కోరుతున్నాను. మా వంశవృక్షంలో మా అమ్మమ్మ పక్కన ఒక గీత గీసి, నేస్తం అని రాశాను. మా అమ్మ దాన్ని చూసి, "ఇప్పుడు సరిపోయింది" అంది.