లెవీ గల్లా నుంచి వీసా దాకా

1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. దాంతో బర్మా బియ్యం మన దేశానికి రావడం ఆగిపోయింది. ధాన్యం కరువైన ఆ రోజుల్లో నైజాం సర్కారు రైతు కల్లం మీద లెవీ, అంటే నిర్బంధ ధాన్య సేకరణ, వేసింది. రెండో ప్రపంచ యుద్ధం గురించి పిల్లలు చదివే పాఠంలో హిట్లర్ ఉంటాడు, హిరోషిమా ఉంటుంది, లెవీ గల్లా మాత్రం ఉండదు. నల్లగొండ పల్లెలకు ఆ యుద్ధం చేరిందే లెవీ రూపంలో. పటేల్, పట్వారీల లెక్కలు దొర గడీ ముందు మెత్తబడి, చిన్న రైతు కల్లం దగ్గర గట్టిపడేవి. వెట్టితో అప్పటికే నలిగిన జనానికి ఇది మరో దెబ్బ. ఆంధ్రమహాసభ సంఘాలు ఊరూరా బలపడ్డ కారణాల్లో లెవీ ఒకటి.

జూలై 4 అనగానే లోకానికి 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన గుర్తొస్తుంది. 1946లో అదే తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. సాయుధ పోరాటానికి నిప్పు అక్కడే అంటుకుంది. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలకు పాకింది. సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న మునగాల పరగణా సంగతి చిత్రమైనది. చుట్టూ నైజాం నేల, ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లాలో భాగం, అంటే బ్రిటిష్ ఏలుబడి. రెండు రాజ్యాల హద్దు ఒక బండి దారి మీద ఉండేదన్నమాట.

ఆ తర్వాత ఐదేళ్లలో ఈ జిల్లా మాట ప్రపంచ రాజధానుల్లో వినబడింది. 1948 ఆగస్టులో నిజాం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి మొరపెట్టుకున్నాడు. ఆ మొర తేలకముందే, సెప్టెంబర్ 17న లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు. భారత సైన్యంతో ఇంకా కొనసాగించాలా, ఆపాలా అన్న చర్చ 1951 తొలి నెలల్లో మాస్కోలో స్టాలిన్ ముందుకు వెళ్లింది. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే అక్కడికి వెళ్లినవారు. ఆ ఏప్రిల్ 18న ఈ జిల్లాలోనే పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానంటే వినోబా భూదానం మొదలైంది. అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపారు. 1949లో చైనా ఎర్రబడింది, ఆసియాలో పేద రైతు ఎటు మొగ్గుతాడోనని అమెరికాకు బెంగ పట్టుకుంది. 1952 అక్టోబర్ 2న మన దేశంలో మొదలైన సమాజ వికాస పథకానికి అమెరికా సాయం అందడం వెనుక ఆ బెంగ కూడా ఉంది.

ఇన్ని చెప్పినా, మిర్యాలగూడ దగ్గరి వేములపల్లి వరకు నన్నడిగితే అసలు మలుపు నీళ్లే. 1929 మాంద్యం నుంచి బయటపడే దారుల్లో ఒకటిగా రూజ్‌వెల్ట్ 1933లో టెన్నెసీ లోయ సంస్థను పెట్టాడు. నదికి ఆనకట్ట కడితే ప్రాంతం దశ తిరుగుతుందన్న నమ్మకం అక్కణ్నుంచి లోకమంతా పాకింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. రాయి మీద రాయి పేర్చి, కూలీల చేతుల మీదుగా లేచిన కట్టడం అది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. వేములపల్లి, మిర్యాలగూడ పక్కన పారేది ఆ కాలువే. జొన్న, ఆముదం పండిన మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. లోయలో మునిగిన ఊళ్లవారికి, కాలువ ఎక్కని మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికి ఈ సంబరంలో వాటా దక్కలేదు. కాలువ కథ చెప్పేవారు ఈ ముక్క మింగేయడం నాకు నచ్చదు.

నీళ్లతో పాటే విత్తనమూ మారింది. 1965, 66 కరువుల్లో దేశం అమెరికా గోధుమల మీద బతికింది. ప్రెసిడెంట్ జాన్సన్ ఆ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. 1966లోనే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8ను విడుదల చేసింది. ఆ సంస్థను నిలబెట్టినవి ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఆ విత్తనం పండించి దేశానికి చూపించారు. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వచ్చింది. మిర్యాలగూడ చుట్టూ లేచిన రైస్‌మిల్లులు ఈ నీటి, ఈ విత్తనాల సంతానం.

ఆ కరువు కాలంలోనే, 1965 అక్టోబర్ 3న, జాన్సన్ మరో చట్టం మీద సంతకం పెట్టాడు. పుట్టిన దేశాన్ని బట్టి వలసదారులకు కోటాలు వేసే పద్ధతి పోయింది. ముందు డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. 1990 చట్టం హెచ్-1బీ వీసా తెచ్చింది. 2000 సంవత్సరపు కంప్యూటర్ భయం ముంచుకొచ్చేసరికి ఏటా 65 వేలున్న ఆ వీసాల పరిమితి పెరుగుతూ పోయి 2001లో 1,95,000కు చేరింది. కాలువ కింద వరి పండించిన ఇళ్లు పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించి విమానం ఎక్కించాయి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని అక్కడి లెక్కలు చెప్పాయి.

2023 జూలై 20న భారత్ బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించగానే అమెరికాలో మనవాళ్లు దుకాణాల ముందు సోనామసూరి బస్తాల కోసం బారులు తీరారు. అమెరికా గోధుమల కోసం మనం చూసిన ఎదురుచూపు 57 ఏళ్లలో ఇలా తిరగబడింది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. ఆ దెబ్బ ఎందాక తగులుతుందో నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో పిల్లల చదువుకు అప్పు చేసిన ఇళ్లకు బాగా తెలుసు.

లెవీ గల్లా కొలిచిన తరం దాదాపు వెళ్లిపోయింది. కాలువలో తొలి నీళ్లు చూసిననాటికి ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు ఎనభైకి చేరువయ్యారు. వేములపల్లి, కోదాడ, సూర్యాపేట బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పే పంతుళ్లు పిల్లల్ని వారి దగ్గరికి పంపి, చెప్పింది చెప్పినట్టు రాయించి బడిలో దాచాలి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దు.